వెబ్ విద్య: ఎక్కడ, ఎవరి దగ్గర?
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం పంతుల్ని. నా తెలుగులో తప్పులుంటే పెద్దమనసుతో మన్నించండి. ఇంటర్, డిగ్రీ అయిన పిల్లల తల్లిదండ్రులు ఈమధ్య నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది. "మాస్టర్ సాబ్, మావాడు వెబ్‌సైట్లు తయారుచేసే పని నేర్చుకుంటానంటున్నాడు. ఎక్కడ చేర్పించమంటారు?" ఇదే ప్రశ్నకు ఒకసారి నేను తొందరపడి జవాబు చెప్పి మా ఇంటికే నష్టం తెచ్చాను. ముందు ఆ సంగతి మనవి చేస్తాను.

మా ఆపా కొడుకు పట్నంలో ఒక శిక్షణ కేంద్రంలో చేరతానంటే వాడి వెంట నేనే వెళ్లాను. చల్లని గదులు, వరుసగా కంప్యూటర్లు, గోడ నిండా ఉద్యోగాలొచ్చిన పిల్లల ఫోటోలు. చూసి మురిసిపోయి "కట్టేద్దాం" అన్నాను. ఆపా చేతి గాజులు తాకట్టు పెట్టి ఫీజు కట్టింది. నాలుగు నెలలకు సర్టిఫికెట్ వచ్చింది. ఇంటికొచ్చాక "మన బడికి ఒక పేజీ తయారుచెయ్యరా" అన్నాను. వాడు తెర ముందు కూర్చున్నాడు గాని చెయ్యి కదలలేదు. నెమ్మదిగా అడిగితే చెప్పాడు: "మామూ, సారు రాసింది చూసి మేం కొట్టేవాళ్లం. మేం సొంతంగా రాసింది ఒక్కరోజూ ఎవరూ చూడలేదు." తప్పు వాడిది కాదు. అడగవలసిన మాట అడగకుండా వచ్చిన నాది.

తరువాత ఈ విద్య సంగతి నేనూ కొంత తెలుసుకున్నాను. ఇల్లు కట్టడంతో పోలిస్తే హెచ్‌టీఎమ్‌ఎల్ గోడలు, సీఎస్‌ఎస్ రంగులు, జావాస్క్రిప్ట్ కరెంటు. నేర్చుకోవలసిన వరుసా ఇదే. టిమ్ బెర్నర్స్ లీ గారు 1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన సంస్థలో వెబ్‌ను ప్రతిపాదించారు. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ దీన్ని ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చునని ప్రకటించింది. పాఠాలు కూడా ఉచితంగానే దొరుకుతున్నాయి. మొజిల్లావారి ఎండీఎన్ ఉన్నది, 2014లో మొదలైన ఫ్రీకోడ్‌క్యాంప్ ఉన్నది. అవి ఇంగ్లీషులో ఉన్నాయని మన పిల్లలు జంకనక్కరలేదు. మొదట పనికొచ్చే మాటలు కొద్ది డజన్లే.

"పాఠం ఉచితమైతే ఫీజు దేనికి?" అని అడగవచ్చు. మన ఇంటింటా ఖురాన్ షరీఫ్ ఉన్నది. అయినా పిల్లవాణ్ణి హాఫిజ్ సాబ్ దగ్గర ఎందుకు కూర్చోబెడతాం? ఏ అక్షరం ఎక్కడ నుంచి పలకాలో విని, తప్పైతే ఆపి దిద్దుతారని. ఇక్కడా అంతే. మనం డబ్బిచ్చేది తప్పు దిద్దే ఉస్తాదుకు. ఈ రోజుల్లో కృత్రిమ మేధను అడిగితే కోడు అదే రాసిస్తుంది. కాని అందులో తప్పు పట్టుకోలేనివాడికి అది రాసిచ్చి ఏం లాభం?

కనుక నా సలహా వినండి. ముందు మూడు నెలలు ఇంట్లోనే ఉచిత పాఠాలతో రోజుకు గంట కూర్చోనివ్వండి. ఆడపిల్లలకూ ఇది ఇంటి నుంచే సాధ్యం. ఆసక్తి నిలిచిందో లేదో తేలిపోతుంది. నిలిస్తే అప్పుడు కేంద్రం వెతకండి. ఒకటి, డబ్బు కట్టకముందు రెండురోజులు తరగతిలో కూర్చోనిమ్మని అడగండి. పిల్లలు సొంతంగా రాస్తున్నారా, దాన్ని ఎవరైనా దిద్దుతున్నారా చూడండి. రెండు, పాత విద్యార్థి చేసిన పేజీ చూపించమనండి. వీలైతే వాడితోనే మాట్లాడండి. మూడు, మధ్యలో మానేస్తే ఫీజు ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి. ఉద్యోగం ఖాయమని నోటిమాటగా చెబితే నమ్మవద్దు. అసలు సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వవద్దు.

మావాడి సంగతి ముగిస్తాను. మళ్లీ మొదటినుంచి ఇంట్లో మొదలుపెట్టాడు. మా వీధిలోని ఇంజినీరు అబ్బాయి ఆదివారం ఆదివారం వచ్చి వాడు రాసింది చూసి దిద్దాడు. ఆరు నెలలకు మా బడి పేజీ ఉర్దూలో తయారైంది. ఉర్దూ కుడినుంచి ఎడమకు నడవాలి కదా, హెచ్‌టీఎమ్‌ఎల్‌లో దానికి 'ఆర్‌టీఎల్' అని ఒక్క ముక్క రాస్తే చాలునని వాడే నాకు చూపించాడు. ఇప్పుడు చిన్న దుకాణాలవారికి పేజీలు చేసిస్తున్నాడు. ఆపా గాజులు మాత్రం ఇంకా విడిపించవలసే ఉన్నది.

చివరగా సంఘం పెద్దలకు ఒక విన్నపం. మన కార్యాలయం గది మగ్రిబ్ నుంచి ఇషా వరకు ఖాళీగానే ఉంటున్నది. రెండు పాత కంప్యూటర్లు పెట్టించండి. మనలో ఈ ఉద్యోగాలు చేస్తున్న కుర్రవాళ్లు వారానికి ఒక్కరోజు వచ్చి పిల్లల తప్పులు దిద్దితే చాలు. ఇంకో తల్లి గాజులు తాకట్టుకు పోకుండా ఆపినవాళ్లమవుతాం.

అల్లాహ్ మన పిల్లలకు ఉపయోగపడే విద్యను ప్రసాదించుగాక, ఆమీన్. ఖుదా హాఫిజ్.