ముట్లుడిగిన పిమ్మట దురద, పొడిదనము

తలనొప్పి వచ్చినచో స్త్రీ ఇరుగుపొరుగు వారితో చెప్పుకొనును. మోకాళ్ళు నొచ్చినచో కుమారునితో చెప్పి వైద్యుని యొద్దకు పోవును. కాని ముట్లుడిగిన పిమ్మట మర్మస్థానమున కలుగు దురదను గూర్చి తల్లి కూతురితో చెప్పదు, అక్క చెల్లెలితో చెప్పదు, భార్య భర్తతో చెప్పదు. మా యొద్దకు వచ్చువారు సైతము మొదట నడుమునొప్పి యనియో, నీరసమనియో చెప్పి, మందుచీటి వ్రాయించుకొని, లేచి గుమ్మము వరకు పోయి, అచ్చట ఆగి, "డాక్టరమ్మా, ఇంకొక్క మాట" అని వెనుదిరుగుదురు. పెక్కుసారులు ఆ ఇంకొక్క మాటయే వారిని మా యొద్దకు రప్పించిన అసలు మాట. నేటి ప్రసంగమున ఆ మాటను గుమ్మము కడ గాక, ముందుగనే, తీరికగా చెప్పుకొందము.

వరుసగా పండ్రెండు నెలలు బహిష్టు రానిచో ముట్లుడిగినవని వైద్యులు నిర్ణయింతురు. పాశ్చాత్య దేశములలో ఇది సగటున 51వ ఏట జరుగుచుండగా, మన దేశమున అంతకు నాలుగైదేండ్లు ముందుగనే, 46, 47 ఏండ్ల ప్రాయమున జరుగుచున్నది. తెలుగునాట మరియొక కారణమును కూడ లెక్కింపవలెను. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 9 మంది, తెలంగాణలో నూటికి దాదాపు 8 మంది యని తేలినది. దేశమంతటికిని సగటు నూటికి 3 మాత్రమే. గర్భసంచితో పాటు అండాశయములను కూడ తీసివేసినచో, ముప్పది యైదేండ్ల యువతికైనను ముట్లుడిగిన దశ ఒక్క దినములో ప్రాప్తించును. అండాశయములను ఉంచినను, కొందరిలో అవి ముందుగా అలసిపోవును. ఆపరేషనుతోనే బహిష్టులు ఆగిపోయినవి గనుక, ఈ రెండవ మార్పు ఎప్పుడు వచ్చినదో వారు గుర్తింపలేరు. తమకు ఇంకను ఆ వయస్సు రాలేదని తలచుచు, వచ్చిన బాధకు వేరు కారణములు వెదకుచుందురు.

ఆ బాధ ఎట్టిదో మన స్త్రీలకు తెలియును గాని, దానికి వారు పెట్టిన పేరు వేరు. "వేడి చేసినది" అందురు. మజ్జిగ త్రాగుదురు, బార్లీ నీరు కాచుకొందురు, సబ్జా గింజలు నానబెట్టుకొందురు. ఇవి దాహమునకు మంచివే. కాని ఈ దురద ఒంటిలోని వేడి వలన పుట్టినది కాదు.

అండాశయములు తయారుచేయు ఈస్ట్రోజెన్ అను హార్మోను యోని లోపలి పొరను మందముగను, తేమగను, సాగు గుణము కలదిగను ఉంచును. ఆ పొరలోని కణములలో గ్లైకోజెన్ అను పిండిపదార్థము నిలువయుండును. దాని నాధారము చేసికొని లాక్టోబాసిల్లస్ అను మేలుచేయు సూక్ష్మజీవులు అచ్చట నివసించును. ఇవి పాలను పెరుగుగా మార్చు సూక్ష్మజీవులకు దగ్గరి చుట్టములు. పెరుగునందు పులుపు పుట్టినట్లే, వీని వలన యోనియందు ఒక విధమైన ఆమ్లత ఏర్పడి, చెడు క్రిములను దరిచేరనీయకుండును. 1892లో జర్మను వైద్యుడు డోడర్లైన్ వీనిని వర్ణించెను. ముట్లుడిగిన పిమ్మట ఈస్ట్రోజెన్ మిక్కిలి తగ్గును. పొర పలుచబడును, తేమ తరుగును, గ్లైకోజెన్ క్షీణించును, మేలుచేయు సూక్ష్మజీవులు వెడలిపోవును. పిమ్మట దురద, మంట, దాంపత్యమున నొప్పి కలుగును. మూత్రమార్గమునకు కూడ ఈ హార్మోనే ఆధారము గనుక మాటిమాటికి మూత్రము వచ్చుట, చురుక్కుమనుట, మరల మరల ఇన్ఫెక్షను సోకుట జరుగును. ఈ లక్షణములన్నియు ఒక్క మూలము నుండి వచ్చినవని గుర్తించి, 2014లో పాశ్చాత్య వైద్య సంఘములు వీనికన్నిటికి కలిపి ఒకే పేరు పెట్టినవి.

ఇచ్చట శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలసిన విషయ మొకటి కలదు. ముట్లుడుగు కాలమున వచ్చు ఒంటి ఆవిరులు, చెమటలు చాలమందికి కొన్ని ఏండ్లలో వానియంతట అవియే తగ్గిపోవును. ఈ పొడిదనము అట్లు కాదు. ఉపేక్షించినకొలది హెచ్చును. "కొన్నాళ్ళు ఓర్చుకొన్న అదే పోవును" అని పెద్దలు చెప్పు ఓదార్పు ఆవిరుల విషయమున చెల్లును గాని, దీని విషయమున చెల్లదు.

బాధపడువారు మొదట చేయు పని కడుగుకొనుట. దురద అనగా అశుభ్రత యని మన మనస్సులలో నాటుకొని యున్నది. అందుచేత వాసన సబ్బుతో రెండు పూటల, పిమ్మట నాలుగు పూటల, క్రిమినాశక ద్రవము కలిపిన వేడినీళ్ళతో కడుగుకొందురు. ఎండి పలుచబడిన చర్మము మీది కాస్త జిడ్డు కూడ దానితో పోవును. దురద ఇనుమడించును. శుభ్రత చాలలేదని మరల కడుగుదురు. మా యొద్దకు వచ్చిన ఒక ఉపాధ్యాయురాలు ఇట్లు ఆరేండ్లు గడపినది. నడుమ మందుల షాపులో అడిగి తెచ్చుకొన్న గొట్టపు మందులను ఒకదాని తరువాత ఒకటి పూసికొన్నది. అట్టి మందులలో స్టెరాయిడును, బూజును చంపు మందును, క్రిములను చంపు మందును ఒకటిగా కలిపినవి పెక్కు గలవు. రెండు దినములు చల్లగా నుండును, మానిన మూడవనాడు దురద మరల వచ్చును. తామర యున్నచో అది స్టెరాయిడుతో లోలోపల వ్యాపించును. ఆమెకు అట్టి అంటు ఏదియు లేదు. ఆమెకు కావలసినది ఇంకొక శుభ్రత కాదు, తరిగిపోయిన తేమ.

కావున ఇంట చేయదగిన పనులు ఇవి. మర్మస్థానమును దినమునకు ఒకసారి గోరువెచ్చని నీటితో, వెలుపల మాత్రమే, కడుగుకొనవలెను. సబ్బు, సున్నిపిండి, పౌడరు, అత్తరులు అచ్చట వాడరాదు. లోపలికి నీరు చిమ్మి కడుగరాదు. కడిగిన పిమ్మట రుద్దక, మెత్తని నూలుగుడ్డతో అద్దుకొనవలెను. నూలు లోదుస్తులు ధరింపవలెను. వానిని ఉతికిన సబ్బు పొడి మిగులకుండ రెండు నీళ్ళలో జాడింపవలెను. గోళ్ళు కురచగా ఉంచుకొనవలెను, ఏలయన నిద్రలో గీరుకొన్న గాయమే మరునాటి మంటకు కారణమగును. బయటి చర్మమునకు పరిమళములు కలుపని పెట్రోలియం జెల్లీ గాని, శుద్ధమైన కొబ్బరినూనె గాని పలుచగా పూసికొన్నచో పలువురికి ఊరట కలుగును. లాక్టోబాసిల్లస్ అనగానే పెరుగును లోపల పూసికొనవలెనని తలపరాదు. పెరుగు విస్తరిలోనే ఉండవలెను.

లోపలి పొడిదనమునకు హార్మోను లేని తేమజెల్లులు మందుల షాపులలో లభించును. వీనిని బాధ ఉన్నప్పుడు మాత్రమే గాక, వారమునకు రెండు మూడు మార్లు క్రమముగా వాడవలెను. దాంపత్య సమయమున వాడు జారుడు జెల్లు వేరు. అది ఆ వేళకు మాత్రమే పనికివచ్చును. రబ్బరు తొడుగు వాడు దంపతులు నీటితో చేసిన జెల్లునే వాడవలెను. నూనెలు, పెట్రోలియం జెల్లీ తొడుగును చెరచును. భర్తలు వినుచున్నచో వారికి కూడ ఒక మాట మనవి చేయుచున్నాము. భార్య దూరముగా తొలగుట విముఖత వలన కాక, నొప్పి వలన కావచ్చును. అడిగినచో ఆమె చెప్పగలదు. అడుగకుండ అలుగుటచే ఇరువురి మధ్య లేని కలత పుట్టును.

ఇవి చాలనిచో వైద్యులు ఈస్ట్రోజెన్‌ను స్వల్ప మోతాదులో, లోపల పూసికొను లేపనముగా గాని, లోపల ఉంచుకొను చిన్న బిళ్ళగా గాని ఇత్తురు. సామాన్యముగా మొదటి రెండు వారములు ప్రతి రాత్రి, పిమ్మట వారమునకు రెండు రాత్రులు వాడుదురు. గుణము రెండు మూడు దినములలో కనబడదు. కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు మూడు నెలలు పట్టును. ఈ సంగతి తెలియక పది దినములకే విసిగి మానివేయువారు కలరు. 1993లో రాజ్, స్టామ్ అను వైద్యులు, మరల మరల మూత్రపు ఇన్ఫెక్షను వచ్చుచున్న 93 మంది ముట్లుడిగిన స్త్రీలలో, కొందరికి ఈస్ట్రియోల్ లేపనమును, కొందరికి మందు లేని లేపనమును ఇచ్చి చూచిరి. మందు లేని వారికి సగటున ఏడాదికి 5.9 మార్లు ఇన్ఫెక్షను రాగా, మందు వాడినవారికి 0.5 మార్లు మాత్రమే వచ్చినది. నెల దినములలో మందు వాడినవారిలో నూటికి 61 మందిలో లాక్టోబాసిల్లస్ మరల వచ్చి చేరినది.

హార్మోను అనగానే క్యాన్సరు వచ్చునను భయము చాలమందికి గలదు. 2002లో అమెరికాలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ రెండును కలిసిన బిళ్ళలను నోట మింగిన స్త్రీలలో రొమ్ము క్యాన్సరు కొంత హెచ్చినదని తేలి, ఆ పరీక్షను నడుమనే నిలిపివేసిరి. ఆ వార్తయే ఈ భయమునకు మూలము. కాని లోపల పూసికొను స్వల్ప మోతాదు మందు రక్తమున చేరునది అత్యల్పము. దానిని ఏండ్ల తరబడి వాడిన స్త్రీలను గమనించిన పెద్ద పరిశీలనలలో రొమ్ము క్యాన్సరు హెచ్చినట్లు కనబడలేదు. అయినను రొమ్ము క్యాన్సరు వచ్చి చికిత్స పొందినవారు మాత్రము తమ క్యాన్సరు వైద్యుని సంప్రదింపక దీనిని వాడరాదు.

ఇక మిక్కిలి ముఖ్యమైన విషయము. ఈ వయస్సున వచ్చు ప్రతి దురదయు పొడిదనము వలననే కలుగునని తలపరాదు. పెరుగు విరిగినట్లు తెల్లని స్రావముతో కూడిన బూజు అంటు, ముట్లుడిగి హార్మోను వాడని స్త్రీలలో అరుదు. అది మరల మరల వచ్చుచున్నచో చక్కెర వ్యాధి ఉన్నదేమో రక్తపరీక్ష చేయింపవలెను. చక్కెర వ్యాధికి వాడు మందులలో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి చక్కెరను మూత్రము గుండ వెలికిపంపును గనుక, వాని వలన కూడ ఈ అంటు రావచ్చును. అట్టివారు మందును తామే మానివేయక వైద్యునితో చెప్పవలెను. చర్మము తెల్లబడి, నలిగిన కాగితమువలె పలుచనై, రాత్రివేళ నిద్ర పట్టనీయని దురద కలుగుచున్నచో, అది లైకెన్ స్క్లెరోసస్ అను చర్మవ్యాధి కావచ్చును. దీనికి ఈస్ట్రోజెన్ పనిచేయదు. వైద్యుడు చూచి, బలమైన స్టెరాయిడు లేపనమును లెక్క ప్రకారము వాడింపవలెను. దీనిని ఉపేక్షించినచో కొద్దిమందిలో క్యాన్సరుగా మారు ప్రమాదము కలదు. కావుననే చూడకుండ మందు ఇచ్చుటయు, చూపకుండ మందు కొనుటయు రెండును తప్పే. మానని పుండు, గడ్డ, తెల్లని మచ్చ కనబడినను, ముట్లుడిగిన పిమ్మట ఒక్క చుక్క రక్తము కనబడినను, పొడిదనమని సరిపెట్టుకొనక వెంటనే పరీక్ష చేయించుకొనవలెను. అట్టి రక్తస్రావమునకు కారణము చాలవరకు స్వల్పమైనదే. కాని నూటికి దాదాపు తొమ్మిది మందిలో అది గర్భాశయ క్యాన్సరు అయి యుండును, తొలిదశలో పట్టుకొన్నచో అది నయమగునది.

వైద్యుని యెదుట మాట పెకలదని చాలమంది అందురు. వారికై ఆ మాటలను మేమే కూర్చి ఇచ్చుచున్నాము. "నాకు ముట్లుడిగి ఇన్ని ఏండ్లయినది. మూత్రము పోయు చోట, దాని చుట్టును దురద, మంట ఇన్ని నెలలుగా ఉన్నవి. ఇంతవరకు ఈ మందులు పూసితిని. ఒకసారి పరీక్షించి చూడుడు." ఇంతమాత్రము చాలును. చెప్పుటకు నోరు రానిచో ఒక కాగితము మీద వ్రాసికొని చేతికి ఇచ్చినను చాలును. పురుష వైద్యునితో చెప్పుటకు సంకోచమైనచో స్త్రీ వైద్యురాలిని అడుగవచ్చును. పల్లెలలో ఉన్నవారు ఆశా కార్యకర్తకు గాని, ఏ.ఎన్.ఎం.కు గాని చెప్పి ఆసుపత్రికి తోడు రమ్మనవచ్చును.

ఇంటి యందలి కూతుండ్రు, కోడండ్రు కూడ ఈ సంగతి ఎరిగి యుండుట మంచిది. అత్తగారు రాత్రులు నిద్రపోక లేచి తిరుగుచున్నచో, మూత్రమునకు మాటిమాటికి పోవుచున్నచో, "ఏమత్తా, ఒంట్లో బాగులేదా?" అని ప్రక్కన కూర్చుండి అడుగుడు. మొదట ఏమియు లేదనును. రెండవసారి అడుగుడు. పైన చెప్పిన ఉపాధ్యాయురాలు మూడు నెలల పిమ్మట మరల వచ్చినపుడు మాతో అన్న మాట ఒక్కటే: "ఆరేండ్ల క్రిందట అడిగియుండిన ఎంత బాగుండెడిది." ఆమె పోగొట్టుకొన్న ఆరేండ్లు వినుచున్న వారిలో మరియొకరు పోగొట్టుకొనకుందురు గాక యని మా కోరిక.