మనుమడి టాంకు - మన బురద



"ఈ వయసులో బొమ్మలాటలేమిటండీ?" అని మిత్రులు నవ్వుతున్నారు. సంగతి మనవి చేస్తాను.

సంక్రాంతి సెలవులకు నందిగామ వచ్చిన మా మనుమడు ప్లాస్టిక్ పాటన్ టాంకు కిట్టు తెచ్చాడు. అసలు టాంకులో 35 అంగుళాలు బొమ్మలో ఒక అంగుళం. ముక్కలు కత్తిరించి, అంచులు నున్నగా రుద్ది, జిగురుతో అతకాలి. నా వేళ్ళు వణికి మూడు చక్రాలు వంకరగా అతుక్కున్నాయి. "తాతయ్యా, నువ్వు చూస్తూ కూర్చో" అన్నాడు. రిటైరైననాడు కూడా నాకంత బాధ కలగలేదు.

కూర్చునే 1965 సెప్టెంబరు యుద్ధం సంగతి చెప్పాను. పంజాబులోని అసల్ ఉత్తర్ వద్ద మన సైన్యం పొలాలకు నీరు పెట్టించగా, పాకిస్తాన్ పాటన్ టాంకులు బురదలో దిగబడ్డాయి.

"మరి బురద ఎలా చేద్దాం?" అన్నాడు వాడు.

మన పక్కనున్న కొండపల్లి బొమ్మలవారి మక్కు ఉందిగా! రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపి పిసికాను. ఆ పనికి వణుకు అడ్డం రాలేదు. నా వంకర చక్రాలనూ ఆ బురదే కప్పింది. టాంకును బొమ్మల కొలువులో పెట్టాం.

మిత్రులారా, పిల్లలు అడిగేదాకా ఆగకండి. మనకు తెలిసింది చెప్పండి. సెలవు.