ఆటస్థలానికి పేరు పెట్టే ముందు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవం గుర్తుగా బడి ఆటస్థలానికి మన ప్రాంత నాయకుడొకరి పేరు పెట్టి, రోడ్డు వైపు సిమెంటు తోరణం కట్టించాలనే ప్రతిపాదన మన ముందుంది. నేను సివిల్ ఇంజనీరును కాబట్టి తోరణం డిజైను చేసిమ్మన్నారు. తప్పకుండా చేసిస్తాను. అయితే దానికన్నా ముందు మనం తేల్చుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. వాటి గురించే నాకిచ్చిన ఈ పది నిమిషాలూ మాట్లాడతాను.

నాయకుల పేర్లు పెట్టడం తప్పని నేననను. హైదరాబాదులో గచ్చిబౌలి స్టేడియం మీకందరికీ తెలుసు. దాని పూర్తి పేరు జి.ఎం.సి. బాలయోగి అథ్లెటిక్ స్టేడియం. కోనసీమలోని ఎదుర్లంకలో పుట్టి, జిల్లా పరిషత్ అధ్యక్షుడై, 1998లో లోక్‌సభ స్పీకరైన మనిషి ఆయన. ఆ పీఠమెక్కిన తొలి దళితుడు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. అదే ఏడాది జాతీయ క్రీడల కోసం కట్టిన మైదానానికి ఆయన పేరు పెట్టారు. 2003లో ఆఫ్రో ఆసియా క్రీడలు కూడా అక్కడ జరిగాయి.

ఆయన పేరు మీద ఇంకొక కట్టడం ఉంది. ఎదుర్లంకకూ యానాంకూ మధ్య గౌతమీ గోదావరి మీద వంతెన. అంతకుముందు అక్కడి జనం పడవల మీదా, పంటు మీదా ఏరు దాటేవాళ్లు. ఒక ఇంజనీరుగా ఈ రెండు కట్టడాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకొక తేడా కనిపిస్తుంది. వంతెనను కట్టిన తరువాత దాన్ని ఇంకో పనికి వాడలేం. దాటడానికే వాడతాం. మైదానం అలా కాదు. ఆట లేని వేళ అది ఖాళీ జాగాలా కనబడుతుంది. ఖాళీ జాగా మీద అందరి కన్నూ పడుతుంది.

హైదరాబాదు ఫతే మైదాన్‌కు 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. 1955లో పాలీ ఉమ్రీగర్ న్యూజీలాండ్ మీద 223 పరుగులు చేసింది అక్కడే. టెస్టుల్లో భారతీయుడి మొదటి డబుల్ సెంచరీ అది. 1983 జనవరి 9న ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిందీ అక్కడే. 2023 డిసెంబరు 7న రేవంత్ రెడ్డి ప్రమాణం చేసిందీ అక్కడే. గచ్చిబౌలి క్రీడా ప్రాంగణంలోని టవరును 2020లో కోవిడ్ ఆసుపత్రి చేశారు. ఆపద వేళ అది చేయవలసిన పనే. కానీ పెద్ద స్టేడియంలో సభ ముగిసిన మర్నాడు గుంతలు పూడ్చడానికి సిబ్బంది ఉంటారు, రోలరు ఉంటుంది. మన బడికి ఎవరున్నారు? పందిరి గుంజలకు తవ్విన గుంతలు అలాగే ఉండిపోతాయి. లారీ తిరిగిన చోట మట్టి అణిగి, వాన నీళ్లు ఇంకవు. అక్కడ చెడుగుడు ఆడే పిల్లవాడి చీలమండ బెణుకుతుంది.

అంటే సభలూ పెళ్లిళ్లూ వద్దని కాదు. వాడుకున్నవాళ్లు బాగుచేసి అప్పగించాలని నియమం ఉండాలి.

ఇక కొలతలు చెబుతాను. 400 మీటర్ల ట్రాకుకు దాదాపు నాలుగెకరాలు కావాలి. మనకది అక్కర్లేదు. వాలీబాల్ కోర్టు 18 మీటర్లకు 9, కబడ్డీ కోర్టు 13కు 10, ఖోఖో 27కు 16. చుట్టూ కొంత వదిలినా మూడూ కలిపి అరెకరంలో సర్దుకుంటాయి. నేల మధ్యలో ఎత్తుగా, అంచులకు మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున వాలుగా ఉండాలి. 60 మీటర్ల వెడల్పు నేలకు మధ్యలో 30 సెంటీమీటర్ల ఎత్తు చాలు. అంచున కాలువ తీస్తే, మన ఎర్రమట్టి మీద వాన వెలిసిన కొద్దిసేపటికే పిల్లలు ఆడుకోవచ్చు. తోరణానికి అనుకున్న డబ్బులో కొంత దీనికి పెడితే చాలు.

అన్నిటికన్నా ముందు చేయవలసింది హద్దులు తేల్చడం. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. బెంగుళూరులో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే, ఆ చుట్టుపక్కల నివాసులు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. అక్కడ పోరాడినవాళ్ల చేతిలో లేఅవుటు కాగితముంది. మనకూ సర్వే స్కెచ్చు ఉండాలి, హద్దురాళ్లు ఉండాలి. కాగితం లేని జాగాకు ఎంత గొప్ప పేరున్నా కాపలా కాయదు.

కాబట్టి సంఘానికి నా మనవి ఇది. ఈ ఏడాది సర్వే చేయించి రాళ్లు నాటిద్దాం. వేసవి సెలవుల్లో నేల చదును చేసి, కాలువ తీసి, మూడు కోర్టులు గీద్దాం. సాయంత్రం ఒక గంట ఆడపిల్లలకే అని హెడ్మాస్టరు గారిని అడిగి బోర్డు పెట్టిద్దాం. గ్రౌండు అంతా మగపిల్లలు ఆక్రమిస్తే వాళ్లు గోడ పక్కన నిలబడి చూడడమే అవుతుంది. ఏడాదికోసారి మరమ్మతుకు బ్యాంకులో చిన్న నిధి వేద్దాం. పని అంతటికీ డ్రాయింగులు, అంచనా నేనిస్తాను, పని జరిగేటప్పుడు వచ్చి నిలబడతాను.

అవన్నీ అయ్యాక తోరణం కడదాం, పేరు పెడదాం. ఊరికి మంచి చేసిన నాయకుడికి అది న్యాయమైన గౌరవమే. తుప్పల మధ్య ఆయన పేరు రాస్తే ఆయన్ని తక్కువ చేసినట్టు. పిల్లలు దుమ్ము రేపుతూ ఆడే నేలకు ఆ పేరు పెడితే, వాళ్ల నోట అది రోజూ వినబడుతుంది. ఈ వరస ప్రకారం తీర్మానం చేయమని సభను కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.