కిరాయి ఇల్లు, ఇద్దరు ఆడవాళ్ళు

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల మహిళా కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)



భూమి తగాదాల గురించి మనం ఎన్నో సమావేశాల్లో మాట్లాడుకున్నాం. ఇంటి కిరాయి తగాదాల గురించి మాత్రం మాట్లాడుకోం. ఓనరంటే ఉన్నవాడు, కిరాయికుండేది లేనివాళ్ళు, కాబట్టి మనం కిరాయిదారు పక్షం. అంతటితో ఆలోచన ఆగిపోతుంది.

కాని మన టౌన్లలో ఓనరు చాలాసార్లు ఒక ఒంటరి స్త్రీ. భర్త పోయాడు, మూడు గదుల ఇల్లు మిగిలింది. రెండు గదులు కిరాయికిచ్చి ఒక గదిలో తానుంటుంది. ఆ కిరాయే ఆమె బియ్యం, ఆమె మందులు. అందులో ఉన్నవాడు ఎనిమిది నెలలుగా పైసా ఇవ్వడు. అడిగితే తాగొచ్చి వాకిట్లో నిలబడి తిడతాడు. మరోవైపు బావలు, మరుదులు 'ఇల్లు మా పేర చెయ్యి, వాణ్ణి మేం వెళ్ళగొడతాం' అంటారు. ఈమె మన ఆఫీసుకొస్తే ఏం చెబుతాం? అదే వారం ఆ తాగుబోతు భార్య పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి 'మమ్మల్ని రోడ్డు మీద పడేస్తున్నారు' అంటే ఏం చెబుతాం? ఇలాంటప్పుడు మనలో మనమే రెండుగా చీలిపోతాం. అందుకే ఇవాళ ఈ విషయం ఎత్తుకున్నాను.

ముందు ఓనరమ్మ సంగతి. 1960 నాటి భవనాల కౌలు, కిరాయి, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం మునిసిపాలిటీలన్నిటికీ వర్తిస్తుంది. మన మూడు పట్టణాలూ మునిసిపాలిటీలే. ఊళ్ళలో ఇళ్ళకు మాత్రం అది మామూలుగా వర్తించదు. 2005లో దీన్ని సవరించి, కార్పొరేషన్లు కాని చోట్ల ఆనాటికే కిరాయి నెలకు 2,000 రూపాయలు దాటిన ఇళ్ళను చట్టం బయట పెట్టారు. కొత్తగా కట్టిన భవనాలకూ కొన్నేళ్ళు మినహాయింపు ఉంది. బయటపడ్డ ఇళ్ళ విషయంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కింద, నెలవారీ కిరాయి అయితే 15 రోజుల నోటీసు ఇచ్చి సివిల్ కోర్టులో దావా వేయాలి. కాబట్టి మనం మొదట అడగాల్సిన ప్రశ్నలు చాలా మామూలువి: ఇల్లెప్పుడు కట్టారు, కిరాయి ఎంత, రసీదులున్నాయా?

చట్టం వర్తించే ఇంట్లో కావాలని కిరాయి ఎగ్గొట్టినా, అనుమతి లేకుండా వేరేవాళ్ళకు కిరాయికిచ్చినా, ఇల్లు పాడు చేసినా, చుట్టుపక్కలవాళ్ళకు ఇబ్బంది కలిగించినా ఖాళీ చేయించమని రెంట్ కంట్రోలరును అడగొచ్చు. పైగా బాకీ మొత్తం కట్టి, ఆపైన నెలనెలా కడుతూ ఉంటే తప్ప కిరాయిదారు కేసులో వాదించుకోవడానికే వీల్లేదని 11వ సెక్షన్ చెబుతుంది. ఎనిమిది నెలల బాకీ ఉన్నవాడి మీద ఇది పెద్ద ఆయుధం. మన ఓనరమ్మలకు దీని సంగతి తెలియదు. వాళ్ళకు తెలిసిందల్లా కరెంటు తీసెయ్యడం, నీళ్ళు బంద్ చెయ్యడం, సామాను బయట పడేయడం. అవి చేస్తే న్యాయం ఉన్న మనిషి కాస్తా నేరస్థురాలిగా నిలబడుతుంది. కరెంటు, నీళ్ళు తీసేయకూడదని అదే చట్టంలో 14వ సెక్షన్ ఉంది. బలవంతంగా వెళ్ళగొట్టబడ్డ మనిషి ఆరు నెలల్లోగా దావా వేసి తిరిగి స్వాధీనం పొందొచ్చని 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం ఆరో సెక్షన్ అంటుంది. అక్కడ ఇల్లెవరిదని కూడా చూడరు. కిరాయిదారు దళితుడో గిరిజనుడో అయితే అక్రమంగా వెళ్ళగొట్టడం అత్యాచారాల నిరోధక చట్టం కిందికీ రావచ్చు.

ఇక్కడ మన పాలమూరు సంగతి ఒకటి చెప్పాలి. కిరాయిదారు వరుసగా నాలుగు నెలలు సరైన కారణం లేకుండా ఇంట్లో ఉండకపోతే అది కూడా ఖాళీ చేయించడానికి ఒక కారణం. బొంబాయికో పుణెకో పనికి పోయినవాళ్ళు తాళం వేసి వెళ్తారు. పొట్టకూటి కోసం వలస పోవడం సరైన కారణం కాదా? అవునని గట్టిగా వాదించాలి. పోయేముందు ఎప్పటిదాకా కిరాయి కట్టారో రాయించుకొమ్మని ప్రతి ఇంట్లో చెప్పాలి. ఓనరు కిరాయి తీసుకోనంటే ఊరుకోకూడదు. బ్యాంకు పేరు చెప్పమని నోటీసు ఇవ్వడం, చెప్పకపోతే మనియార్డరు, అదీ తీసుకోకపోతే కంట్రోలరు దగ్గర డిపాజిట్, ఇలా 8వ సెక్షన్ వరస చెప్పింది. తీసుకోకుండా ఉండి తర్వాత 'ఎగ్గొట్టారు' అనడం పాత ఎత్తు.

ఇక రెండో స్త్రీ. కిరాయి ఒప్పందం మొగుడి పేర ఉంది. అతను ఆమెను వదిలేసి పోయాడు. లేదా ఓనరుతో కలిసిపోయి కోర్టుకే రాలేదు. అప్పుడు ఆమె కోర్టులో నిలబడి వాదించొచ్చా? 2005 ఫిబ్రవరిలో అచలా ఆనంద్, అప్పిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు వాదించొచ్చని చెప్పింది. కర్ణాటక నుంచి వెళ్ళిన కేసు అది. భర్త వదిలేసిన భార్య ఆ ఇంట్లో ఉంటున్నంతకాలం, భర్తకున్న వాదనలన్నీ ఆమె చేయొచ్చు. అంతకు మించి హక్కు రాదు. అంటే బాకీ కట్టే బాధ్యత కూడా ఆమె మీదికే వస్తుంది.

అయినా ఆ కేసులో ఆమె ఓడిపోయింది. ఎందుకంటే కేసు నడుస్తుండగానే పరస్పర అంగీకారంతో విడాకులైపోయాయి, ఆ విడాకుల డిక్రీలో ఆమె ఎక్కడ ఉండాలన్న మాటే లేదు. భార్య కాకపోయాక ఆ ఇంట్లో ఉండే హక్కూ పోయిందన్నారు. మనం రోజూ రాజీ కాగితాలు రాయిస్తుంటాం. నగలు, గిన్నెలు, బీరువా లెక్కపెట్టి రాస్తాం. ఆమె ఎక్కడ పడుకుంటుందో రాయం! నా మట్టుకు నాకు మొదటి పేరా అదే కావాలనిపిస్తుంది.

గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది. దాని కింద 'కలిసున్న ఇల్లు' అంటే కిరాయి ఇల్లు కూడా. భర్త ఆమెను వెళ్ళగొట్టకూడదని ఉత్తర్వు తేవచ్చు. కాని ఆ ఉత్తర్వు చూపించి ఓనరమ్మకు కిరాయి ఎగ్గొట్టలేం. అటువంటప్పుడు 19వ సెక్షన్ కింద అదే స్థాయి వేరే ఇల్లు చూపించమనో, దాని కిరాయి కట్టమనో మొగుడి మీదే ఉత్తర్వు అడగాలి. భారం పడాల్సింది అతని మీద, పక్క గదిలోని ముసలామె మీద కాదు. ఇద్దరు ఆడవాళ్ళనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే ముందు ఈ ముక్క మనకు స్పష్టంగా ఉండాలి. భర్త చనిపోతే మాత్రం సంగతి వేరు. అతనితో అక్కడే ఉన్న భార్యను, కొడుకును, కూతురును 1960 చట్టమే కిరాయిదారులంటుంది.

ఖర్చు మాటకొస్తే, 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద ఆదాయంతో పనిలేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం ఉంది. అంటే ఈ ఇద్దరికీ ఉంది. మన జిల్లాలు 2016లో మహబూబ్‌నగర్ నుంచి విడిపోయాయి. దరఖాస్తు ఇప్పుడు ఎక్కడ తీసుకుంటారో ఎవరికి వారు తమ ఊరి కోర్టులో కనుక్కోండి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. అందుకని బాకీ ఎన్ని వాయిదాలు, గది ఏ తేదీన ఖాళీ చేస్తారు, అడ్వాన్సు ఎంత తిరిగిస్తారు అన్నవి అంకెల్లో రాయించాకే వేలిముద్ర వేయించండి. చదివి వినిపించకుండా వేయనివ్వకండి.