వెబ్‌సైట్ పేరు కూడా కౌలే: రాసుకుంటే సమాఖ్య పేరునే రాసుకుందాం

(వార్షిక సర్వసభ్య సమావేశంలో మార్కెటింగ్ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

బందరు, గుడివాడ, దివిసీమ సంఘాల నుంచి పొద్దున్నే వంటలు ముగించుకుని, బస్సులెక్కి వచ్చారు. మీ సమయం వృథా చేయకుండా నేరుగా విషయానికి వస్తాం.

సమాఖ్య సరుకులకు ఒక డొమైన్ పేరు రిజిస్టర్ చేయించాలని ఈసారి అజెండాలో ఉంది. అది చూసి చాలామంది అక్కలు మమ్మల్ని అడిగారు: "ఏంటమ్మా ఈ డొమైన్? మన పొదుపు డబ్బు దానికెందుకు?" అని. అడగాల్సిన ప్రశ్నే. అర్థం కాకుండా చేతులెత్తే తీర్మానం మనకొద్దు. మేమూ పదో తరగతి చదివినవాళ్లమే. మాకు అర్థమైనంత మీకూ అర్థమవుతుంది.

ఫోన్‌లో చెల్లెలి నంబరు మనకు గుర్తుండదు. పేరు నొక్కితే నంబరు ఫోనే చూసుకుంటుంది. ఇంటర్నెట్‌లోనూ అంతే. వెబ్‌సైట్ ఉన్న కంప్యూటరుకు ఒక అంకెల చిరునామా ఉంటుంది. ఆ అంకెల బదులు మనుషులు గుర్తుపెట్టుకునేదే డొమైన్ పేరు. ఒక్క తేడా ఉంది. "చెల్లి" అనే పేరు మీ ఫోన్‌లోనూ ఉంటుంది, మా ఫోన్‌లోనూ ఉంటుంది. ఇంటర్నెట్‌లో మాత్రం ఒక పేరు ప్రపంచం మొత్తానికి ఒక్కరికే. ముందు వచ్చినవాళ్లకే ఇస్తారు.

ఈ పేర్ల వ్యవస్థను ప్రపంచం మొత్తానికి చూసే సంస్థ ఐకాన్, 1998లో ఏర్పడింది. మన దేశానికి చెందిన "డాట్ ఇన్" పేర్లను నిక్సీ అనే సంస్థ చూస్తుంది. వాళ్ల దగ్గర అనుమతి ఉన్న కంపెనీలు మనకు పేర్లు ఇస్తాయి. వాటిని రిజిస్ట్రార్లు అంటారు. మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకూ దీనికీ సంబంధం లేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా పట్టుకోండి. డొమైన్ పేరును "కొన్నాం" అంటారు గానీ అది కొనుగోలు కాదు, కౌలు. మన డెల్టాలో కౌలు గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. ఏడాదికో, రెండేళ్లకో, ఎక్కువలో ఎక్కువ పదేళ్లకో డబ్బు కడతాం. గడువులోపు మళ్లీ కట్టినంతకాలం పేరు మనది. కట్టకపోతే పోతుంది. డాట్ కామ్ పేర్లకు గడువు దాటాక కొన్నాళ్లు ఓపిక పడతారు. ఆ తర్వాత 30 రోజుల్లో ఎక్కువ రుసుము కట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. అదీ దాటి ఇంకో 5 రోజులు పోతే, ఆ పేరు ఎవరైనా తీసుకోవచ్చు.

కౌలు కాగితం ఎవరి పేరున ఉందన్నది ఇంకా పెద్ద విషయం. దివిసీమలో మన అక్కలు కొందరు మినప అప్పడాల యూనిట్ పెట్టారు. కవర్ల మీద వెబ్‌సైట్ పేరు కూడా అచ్చు వేయించారు. ఆ సైటు చేసిచ్చిన కుర్రాడు తన మెయిల్‌తో, తన ఫోన్ నంబరుతో, తన పేరునే డొమైన్ తీసుకున్నాడు. మోసగాడేమీ కాదు, మంచి పిల్లాడే. ఉద్యోగం వచ్చి ఊరు వెళ్లిపోయాడు, నంబరు మారింది. గడువు దగ్గరపడిందని వచ్చిన మెయిళ్లు ఎవరూ చూడలేదు. పేరు పోయింది. ఇప్పుడు ఆ పేరు కొడితే ఎవరిదో పేజీ తెరుచుకుంటోంది. అక్కలు రాత్రిళ్లు కూర్చుని కవర్ల మీద స్టిక్కర్లు అంటించారు. పాత కవరు చూసి ఆర్డరు పెడదామనుకున్న ఊరుగాని ఊరి కొనుగోలుదారులు మాత్రం మళ్లీ దొరకలేదు.

కాబట్టి పేరు వ్యక్తి పేరున కాదు, సమాఖ్య పేరున ఉండాలి. మన సమాఖ్య 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైనదే. పాన్ కార్డు ఉంది, బ్యాంకు ఖాతా ఉంది. అధ్యక్షురాలు మారినా, కార్యదర్శి మారినా సమాఖ్య ఉంటుంది.

"వాట్సాప్ ఉంది కదా, ఇన్‌స్టాగ్రామ్ ఉంది కదా" అని మా చెల్లెళ్లు అంటారు. ఉంచుకుందాం. కానీ ఆ ఖాతా మూతపడితే అడ్రసూ పోతుంది. డొమైన్ అలా కాదు. పేరు వేరు, సైటు ఉండే చోటు వేరు. అద్దె గది మారినా బోర్డు మనతో తెచ్చుకున్నట్టు, సైటును ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చినా పేరు మారదు.

మరి ఏ పేరు? మన ఊరికే పేర్లు ఎక్కువ. మచిలీపట్నం అంటాం, బందరు అంటాం, పాత ఇంగ్లీషు కాగితాల్లో మసులిపటం. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. లడ్డూకు "డి" ఒకటా రెండా అన్న దగ్గరే కొనేవాళ్లు దారి తప్పుతారు. అందుకే పొట్టిగా, ఫోన్‌లో చెబితే ఒకే విధంగా రాయగలిగే పేరు కావాలి. తెలుగు అక్షరాల్లోనే "డాట్ భారత్" పేరు తీసుకునే వీలు కూడా ఉంది. అయితే తెలుగు టైపు చేయలేని కొనుగోలుదారులూ ఉంటారు కాబట్టి, తీసుకుంటే దాన్ని రెండోదిగా పెట్టుకుందాం.

ఇంకొకటి. బందరు లడ్డూకు, మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేర్లు ఈ ప్రాంతంలో పద్ధతి ప్రకారం తయారుచేసేవాళ్లందరివీ. డొమైన్ దొరికింది కదా అని వాటి మీద మనకొక్కరికే హక్కు రాదు. మన సరుకుకు మన సొంత పేరు కావాలి.

మన పేరును పోలిన పేరుతో ఇంకొకరు వస్తే? దానికీ దారి ఉంది. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే "సిఫీ" అనే పేరు వాడుతుండేది. దాదాపు అదే పలుకుతో ఇంకో కంపెనీ డొమైన్ తీసుకుంది. 2004 మే 6న సుప్రీంకోర్టు సత్యం ఇన్ఫోవే పక్షాన తీర్పు ఇచ్చింది. వ్యాపార గుర్తుకు ఉండే రక్షణ డొమైన్ పేరుకూ ఉంటుందని చెప్పింది. అయితే ముందునుంచీ ఆ పేరు వాడుతున్నామని మనం చూపించాలి. అందుకే బిల్లు పుస్తకాలు, పాత కవర్లు, స్టాల్ రసీదులు తేదీలతో దాచండి.

ఈ సంగతి సరుకులు అమ్మేవాళ్లకే కాదు, ఇంట్లో ఫోన్ వాడే ప్రతి ఒక్కరికీ కావాలి. తిరుమల దర్శనం టికెట్లకు అప్పట్లో అసలు సైటు "తిరుపతిబాలాజీ చుక్క ఏపీ చుక్క గవ్ చుక్క ఇన్". 2023లో ఒక నకిలీ సైటు బయటపడింది. అందులో చుక్కల బదులు గీతలు, చివర "డాట్ ఆర్గ్". పైకి చూస్తే అదే పేరు! 2024 జనవరిలో టీటీడీ తన సైటు పేరును "టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్" అని మార్చింది. పేరును చివరి నుంచి వెనక్కి చదవడం అలవాటు చేసుకోండి. చివర "డాట్ గవ్ డాట్ ఇన్" ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. గీత పెట్టి "గవ్" అని ఎవరైనా రాసుకోవచ్చు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇక మీ ముందు పెడుతున్న తీర్మానం. ఒకటి, డొమైన్ సమాఖ్య పేరున, సమాఖ్య మెయిల్‌తో, సమాఖ్య ఫోన్ నంబరుతో తీసుకోవాలి. రెండు, పాస్‌వర్డు కాగితం మీద రాసి సీలు వేసి, బ్యాంకు పుస్తకాలతోపాటు బీరువాలో ఉంచాలి. కార్యవర్గం మారిన రోజే పాస్‌వర్డు కూడా మార్చాలి. మూడు, మొదటి ఏడాది తక్కువ రేటు చూసి మోసపోకుండా, రెండో ఏడాది ఎంతో ముందే అడిగి, కనీసం మూడేళ్లకు కట్టాలి. నాలుగు, గడువు తేదీని మినిట్స్ పుస్తకం మొదటి పేజీలో రాయాలి. బ్యాంకు లింకేజీ వాయిదా చూసినట్టే ఆ తేదీనీ నెలనెలా చూడాలి. ఐదు, "మీ పేరు పోతోంది, వెంటనే కట్టండి" అని వచ్చే మెసేజి లింకు నొక్కకూడదు. మన రిజిస్ట్రార్ సైటులోకి మనమే వెళ్లి చూసుకోవాలి.

ఏడాదికి అయ్యే ఖర్చు కొన్ని వందల రూపాయలు. అప్పు తీసుకుని వాయిదా తప్పకుండా కట్టడంలో మన సంఘాలకు మంచి పేరుంది. ఈ పేరు వాయిదా కూడా అలాగే కడదాం. సందేహాలున్న అక్కలు ఇప్పుడే లేచి అడగండి. అందరికీ అర్థమయ్యాకే చేతులెత్తుదాం.