సన్మానం సరే, ఉద్యోగం మాటేమిటి?



1935లో వార్సాలో జరిగిన వీనియావ్‌స్కీ వయొలిన్ పోటీలో మొదటి బహుమతి పదిహేనేళ్ళ ఫ్రెంచి అమ్మాయి జినెత్ నెవ్యూకి వచ్చింది. ఆమె తొలి గురువు తల్లే. రెండో స్థానంలో నిలిచినవాడు డేవిడ్ ఓయిస్ట్రాక్. అతనికప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఆ గెలుపుతో ఆమె దేశదేశాల్లో కచేరీలు చేసింది. 1949లో, ముప్పయ్యో ఏట, విమాన ప్రమాదంలో చనిపోయింది.

"ప్రతిభ ఉంటే ఆడవాళ్ళని ఎవరాపారు?" అంటారు ఈ కథ వినగానే. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

కానీ వియన్నా సంగతి చూడండి. నెవ్యూ అక్కడ కూడా పోటీలో పాల్గొంది. అదే ఊళ్ళోని వియన్నా ఫిల్హార్మోనిక్ వాద్యబృందం మాత్రం ఆడవాళ్ళకి సభ్యత్వం ఇవ్వడానికి 1997 దాకా ఒప్పుకోలేదు. అప్పుడు సభ్యురాలైన హార్ప్ కళాకారిణి అన్నా లెల్కెస్, అప్పటికే ఇరవై ఏళ్ళకు పైగా సభ్యత్వం లేకుండానే వాళ్ళతో కలిసి వాయిస్తోంది!

పోటీలో గెలిచేది ఒక్కరే. నెలజీతం, సభ్యత్వం, ఓటు కావలసింది మిగిలిన అందరికీ. గెలిచిన అమ్మాయికి శాలువా కప్పుదాం, కాదనను. అదే సభలో, "మీ సంస్థలో ఎంతమంది ఆడవాళ్ళకి ఉద్యోగాలిచ్చారు?" అని కూడా అడుగుదాం.