నేరం లేదు, శిక్షకు గడువూ లేదు



ఒకప్పుడు ఇంగ్లాండులో చిన్న దొంగతనానికి కూడా మనిషిని ఓడెక్కించి ఆస్ట్రేలియాకు పంపేసేవాళ్ళు. 1788 నుంచి 1868 దాకా సుమారు 1,62,000 మందిని అట్టా తోలేశారు. వాళ్ళను దింపిన నేల అక్కడి ఆదివాసులది. కొరడా దెబ్బలు, గొడ్డుచాకిరి, మళ్ళీ చూడని సొంతూరు. ఘోరమే, కాదనను. కానీ ఒకటి గమనించండి. ఆ ఖైదీని ముందు కోర్టులో నిలబెట్టారు. ఏడేళ్ళో, పద్నాలుగేళ్ళో, యావజ్జీవమో చెప్పారు. ఏడేళ్ళ శిక్ష ఏడేళ్ళకు తీరేది. అక్కడ వాళ్ళకు పుట్టిన బిడ్డ ఖైదీ కాదు.

ఇప్పుడు మన నెల్లూరు తీరానికి, కావలికి రండి.

మన ఎరుకల పెద్దలు గాడిదల మీద ఉప్పు వేసుకుని తీరం నుంచి లోపలి ఊళ్ళకు పోయేవాళ్ళు. వచ్చేటప్పుడు ధాన్యం తెచ్చేవాళ్ళు. ఉప్పును సర్కారు గుప్పిట్లో పెట్టుకుంది. సరుకు రైలెక్కింది. గాడిద బేరం పడిపోయింది. కూడు పోగొట్టిన సర్కారే, ఊరూరా తిరిగే వాళ్ళను దొంగలంది. 1871లో పుట్టిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. అప్పటి గుంటూరు జిల్లా స్టువర్టుపురం సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. కావలిది అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది.

రిజిస్టరులో పేరు, వేలిముద్ర, హాజరు, బయటికి పోవాలంటే పాసు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. ఏ నేరానికి? ఎరుకల ఇంట్లో పుట్టినందుకు! కోర్టు లేదు, గడువు లేదు.

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. కానీ దాని జాగాలోకి 'అలవాటుపడ్డ నేరస్థుల' చట్టాలొచ్చాయి. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్ళలో కులవివక్ష మీద తీర్పిస్తూ, విముక్త జాతులను ఇంకా అదే కళ్ళతో చూస్తున్నారని తప్పుపట్టింది. చట్టం పోయినా చూపు పోలేదన్నమాట.

అందుకే, ఎక్కడ దొంగతనం జరిగినా ముందు మీ గుడిసె దగ్గరికే పోలీసులొస్తే, తల వంచుకుని జీపెక్కొద్దు. 'ఏ కేసు?' అని అడగండి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ప్రయాణ సమయం కాక 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణం మాట. ఇంట్లో అమ్మకూ, నాయనకూ, చదువురాని అవ్వకూ ఇది చెప్పండి. మీకు తెలిస్తే చాలదు, గూడెం అంతటికీ తెలియాలి.